దమ్ము కోసం కట్టిన క్యాబిన్

రెండు వేల ఇరవై మూడు, ఎండలు ముదిరిన రోజులు. కామాటిపురాలో మా సీట్ల దుకాణం ఉన్న గల్లీలోకి ఒక ట్రాక్టర్ వచ్చి ఇరుక్కుంది. దాని వెనక గాలి కంప్రెసర్, కంప్రెసర్ వెనక ఒక టెంపో, టెంపో మీద తాళ్లతో కట్టేసిన అద్దాల పెట్టె. గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు నుంచి వస్తున్న టాక్సీవాళ్లు హారన్ల మీద నుంచి చేతులు తియ్యడం లేదు. నేను బయటికొచ్చి మొదట టాక్సీవాళ్లతో పోట్లాడాను. తర్వాత ట్రాక్టర్ ఆయనతో పోట్లాడాను. అంతా అయ్యాక తెలిసింది, ఆయన వచ్చింది మా దుకాణానికేనని.

కామాటిపురా అనగానే కొందరి కనుబొమలు పైకి లేస్తాయి. లేవనివ్వండి. ఈ పేట పేరు రాళ్లు కొట్టి, ఇసుక మోసి ఈ నగరాన్ని కట్టిన మా కామాటీ ముత్తాతలది. మా నాన్న ఇక్కడ టాక్సీల సీట్లు కుట్టేవాడు. నేను బీకాం చదివి అదే పనిలోకి వచ్చాను. చదువుకుని సీట్లు కుట్టడమేమిటని అడిగేవాళ్లకు, చదువుకున్నవాళ్లకైనా కూర్చోవడానికి ఒక చోటు కావాలి కదా అని చెప్తుంటాను. టాక్సీలతో మొదలైన పని ఇప్పుడు అంబులెన్సులు, క్రేన్లు, రోడ్డు రోలర్ల దాకా వచ్చింది. రోజంతా యంత్రం మీద కూర్చునే మనిషి నడుము, చెవులు చెడిపోకుండా చూడటం మా పని.

ట్రాక్టర్ మనిషి పేరు నర్సింలు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి రోడ్లు తవ్వే పనిలో చేరి, డ్రిల్లు మిషన్ పట్టి, చివరికి ఒక పాత ట్రాక్టర్‌కు యజమాని అయ్యాడు. మా గల్లీకి నాలుగు గల్లీల అవతల, వరసగా ఒంటి గదులుండే ఒక చాల్‌లో ఉంటాడు. ముంబైలో రోడ్డు తవ్వుతున్నచోట ఇలాంటి ట్రాక్టర్ మీరు చూసే ఉంటారు. ఇంజిన్ బలంతో వెనకున్న కంప్రెసర్ గాలిని బిగబడుతుంది. ఆ గాలి పైపుల్లోంచి వెళ్లి డ్రిల్లు మిషన్లను ఆడిస్తుంది. కాంక్రీటు పగులుతుంది, దుమ్ము లేస్తుంది. ట్రాక్టర్‌కు పైకప్పు ఉండదు, తలుపు ఉండదు. ఒక ఇనప సీటు ఉంటుంది, దాని మీద గోనెసంచి ఉంటుంది. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి ఉండి ఆయనకు చెముడొచ్చింది. నాకు గట్టిగా మాట్లాడటం అలవాటే కాబట్టి మా ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

టెంపో మీద ఉన్నది ఏదో పెద్ద ట్రాక్టర్‌కు కంపెనీ వాళ్లే చేసిన క్యాబిన్. చుట్టూ అద్దాలు, రెండు తలుపులు. తుప్పు పట్టి, ఒక అద్దం పగిలి, లోపలి లైనింగ్ ఎలుకలు కొట్టేసి ఉంది.

"ఏడ దొరికిందన్నా ఇది?"

"కుర్లా భంగార్ల. బంగారం లెక్కున్నది సూడు చెల్లె."

"భంగార్‌కు ఒత్తు తీసినంత మాత్రాన తుక్కు బంగారం కాదన్నా. అడుగు రేకు చూడు, కాలు పెడితే కిందికి పోతది."

"గందుకే నీ తానకు తెచ్చిన. దీన్ని మంచి ఖోలీ లెక్క చెయ్యాలె."

ఖోలీ అంటే మా ముంబై తెలుగులో గది. ఆయన ఒక్కసారి కూడా దాన్ని క్యాబిన్ అనలేదు. నేను ఊరుకుంటానా? "ఖోలీ గావాల్నంటే బిల్డర్ దగ్గరికి పో. నేను క్యాబిన్ చేసిస్త," అన్నాను.

"బిల్డర్ ఇస్తనన్నడు. ఇరవై రెండో మంజిల్ల ఇస్తడంట. ఆ బిల్డింగు ఇంక మొగులు మీదనే ఉన్నది," అన్నాడు. గల్లీలో నిలబడి చూస్తున్నవాళ్లంతా నవ్వారు. కూలగొట్టి కొత్తవి కట్టిస్తామన్న మా చాళ్లన్నిటికీ అదే కథ కాబట్టి ఎవరి నవ్వూ ఎక్కువసేపు ఉండలేదు.

ఏసీ మాట నేనే ఎత్తాను. ఏసీ పెడితే దాని భారం కూడా ఇంజిన్ మీదే పడుతుంది. "నీ ఇంజిన్ పాతది. ఏసీ తగిలిస్తే డ్రిల్లుకు దమ్ చాలదు," అన్నాను.

"ఇంజిన్ సంగతి ఇడిసిపెట్టు. లోపట కూసునే మనిషికి దమ్మున్నది. అది సూస్కొని చెయ్యి."

"దమ్మున్న మనిషికి అద్దాల గది ఎందుకన్నా? ఎండల కూసోబెట్టు."

"ఎండలకు ఇంకా ఎక్కువైతది చెల్లె."

"ఎక్కువైతే మంచిదే కదా!"

ఆయన నా మొహంలోకి అలాగే చూశాడు. "నీ నోటికో దండం," అని టెంపోవాడి వైపు తిరిగి తాళ్లు విప్పమన్నాడు. నాది చాలామంది చేత దండాలు పెట్టించుకున్న నోరు కాబట్టి ఆ దండాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఎవడో కండలు పెంచిన కుర్రాణ్ని డ్రైవర్‌గా పెట్టుకుంటున్నాడు, వాడి బడాయికి ఈయన ముచ్చటపడుతున్నాడు అనుకున్నాను. ఆ లెక్కలోనే పని మొదలుపెట్టాను. నల్ల రెక్సిన్, అద్దాలకు నల్ల ఫిల్మ్, కింద కార్పెట్, వెనక్కి వాలే సీటు. పక్కన ఇంకో సీటు కూడా కావాలన్నాడు కాబట్టి అదీ పెద్దదే అనుకున్నాను.

ముందు ఇనుము పని. కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతికించాం, తుప్పు గీకి రంగు వేశాం. కొత్త అద్దం కోయించాం. క్యాబిన్‌ను ట్రాక్టర్ మీద నేరుగా బిగించకూడదు, మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టాలి. వాటిని మౌంటింగ్ బుష్షులు అంటారు. అవి లేకపోతే ఇంజిన్ అదురంతా కూర్చున్నవాడి వెన్నెముకలోకి వస్తుంది. తలుపుల అంచుకు మెత్తటి రబ్బరు పట్టీ వస్తుంది, అది బీడింగ్. రేకుకు లోపలి వైపు ఒత్తుగా పరిచే ఉన్ని లాంటి మందపాటి గుడ్డ నమ్దా. చప్పుడును మింగేది అదే. నమ్దాను రేకుకు సొల్యూషన్‌తో అతికిస్తాం. డబ్బా మూత తీస్తే గల్లీ చివరిదాకా వాసన వచ్చే గోందు అది. మాకు ఆ వాసన తెలియదు, అందులోనే పెరిగాం.

సీటు కొలత కోసం కూర్చునే మనిషిని పంపమన్నాను. నర్సింలు మర్నాడు తనే వెంటబెట్టుకుని వచ్చాడు. కండలవాడు కాదు. ఒక చిన్న ఆడమనిషి. మా గుమ్మం దగ్గరికి వచ్చేలోపు రెండుసార్లు ఆగింది, ఆగినప్పుడల్లా ఏదో దుకాణంలోని వస్తువు చూస్తున్నట్టు నటించింది. ఆయన భార్య అంజమ్మ.

"నువ్వేనా సుగుణవు? ఎండల కూసోబెట్టు అన్నది నువ్వేనా?" అంది నవ్వుతూ.

ఆమె ఇంకా ఏదో అనబోతోంది. వెనక మా దర్జీ రఫీక్ చాచా నమ్దా అతికించడానికి సొల్యూషన్ డబ్బా మూత తీశాడు.

అంజమ్మ మాట మధ్యలో తెగిపోయింది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగింది. కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే సన్నటి చప్పుడు ఉంటుంది చూడండి, అది ఆమె రొమ్ములోంచి వస్తోంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. నర్సింలు చొక్కా జేబులోంచి మందు పీల్చే పంపు తీసి ఆమె నోటికి పెట్టాడు. ఆ తీసిన తీరు చూస్తే తెలిసింది, ఆ జేబులో ఆయన ఇంకేదీ పెట్టుకోడని. చాచా డబ్బా మూసి, దాన్ని పట్టుకుని గల్లీలోకి పరిగెత్తాడు. ఎదురింటామె స్టూలు తెచ్చి వేసింది. ఎవరో అంబులెన్స్ అన్నారు. నర్సింలు వద్దని చెయ్యి ఊపాడు, ఆమె వీపు మీద నుంచి రెండో చెయ్యి తియ్యకుండానే.

ఊపిరి కుదుటపడ్డాక ఆయన నెమ్మదిగా అన్నాడు. "చెప్పిన కద చెల్లె, దమ్మున్నదని."

ముంబైలో పుట్టి పెరిగినవాళ్లం, హిందీ సగం, మరాఠీ సగం. మాకు దమ్ అంటే బలం, పౌరుషం. పాలమూరు ఇళ్లలో దమ్ము అంటే ఆయాసం. మా నానమ్మ కూడా ఆ మాట అలాగే వాడేది. ఆమెతోపాటే మా ఇంట్లోంచి ఆ అర్థమూ పోయినట్టుంది. ఎక్కువైతే మంచిదే కదా అన్న నా మాట ఆ మనిషి చెవిన ఎలా పడి ఉంటుందో అప్పుడు తెలిసింది. దుమ్ముకూ దమ్ముకూ రాతలో ఒక్క కొమ్ము తేడా. అంజమ్మ ఒంట్లో ఆ తేడా కూడా లేదు. డ్రిల్లు పగలగొట్టిన పెళ్లలు తట్టల్లో మోస్తూ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆమె ఏళ్లకేళ్లు ఆ దుమ్ములో నడిచింది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము కూర్చుంది, అది మళ్లీ బయటికి రాదు, కొత్తది పోకుండా చూసుకోవడం తప్ప చెయ్యగలిగింది లేదు అని డాక్టర్ చెప్పాడట.

తేరుకున్నాక నాలోని వాదనకత్తె లేచింది. "ఏమన్నా, బుద్ధున్నదా నీకు? దుమ్ము పడని మనిషిని దుమ్ము లేచే కాడికే తోల్కపోతవా?"

ఆయన చెముడు వల్లనో, నా గొంతు వల్లనో తల దించుకున్నాడు. జవాబు అంజమ్మ చెప్పింది, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ.

"మీ అన్న మీద అర్వకు వదినె. ఇంట్ల దుమ్ము లేదా? మా పక్క చాల్ కూలగొడ్తున్నరు. పొద్దంత దుమ్మే. కిటికీ పెట్టుకుంటే ఉడుకు, తెరిస్తే దుమ్ము. ఈయన పనికి పోతడు. దమ్ము లేస్తే పంపు అందిచ్చే మనిషి ఉండడు. మొన్న మంచం కింద పడ్డది పంపు, నేను సూస్తనే ఉన్న, చెయ్యి పోలే." క్యాబిన్ వైపు చూసింది. "ఇంట్ల దుమ్ముకు తలుపు లేదు. దీనికి తలుపున్నది."

ఇంకొక ఇల్లు తీసుకోమని నేను అనలేదు. ఈ ఊళ్లో పుట్టినదాన్ని, ఆ మాట అనడానికి సిగ్గు ఉండాలి. ముంబైలో ఆయనకు సొంతమని చెప్పుకోదగ్గ ఒకే ఒక్క చోటు ఆ ట్రాక్టర్. దాని మీద ఆయన గది కట్టుకుంటున్నాడు, గాలి సరిగా ఆడే గది. ఖోలీ అని మొదటి రోజునుంచీ సరిగ్గానే చెప్పాడు.

అయినా ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. "మీరిద్దరు అద్దాల లోపట ఉంటరు. డ్రిల్లు పట్టేటోళ్లు? వాళ్లది దుమ్ము కాదా?"

అంజమ్మ అంది, "దాని సంగతి నేను సూస్త."

మొత్తం మళ్లీ మొదలుపెట్టాం. గోందు లేకుండా. రఫీక్ చాచాకు కోపం వచ్చింది. "బేటీ, గోందు లేకుండ లైనింగ్ అంటే నాడా లేని పైజామా. ఎక్కడ నిలుస్తుంది?" అన్నాడు. నిలిపి చూపించింది కూడా ఆయనే. నమ్దాను ఉతికిన కాన్వాస్ గుడ్డల మధ్య పెట్టి బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టి, ఆ పలకల్ని స్క్రూలతో, వెడల్పు వాషర్లతో రేకుకు బిగించాడు. రెక్సిన్ కొత్తలో ఘాటుగా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టాం. ఫోమ్‌కూ ఒక వాసన ఉంటుంది. దాన్ని మా డాబా మీద పరిచి, వాసన పోయేదాకా కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. నల్ల ఫిల్మ్ పీకేశాం. చీకటిగా ఉంటే తనకు ఊపిరి మరీ ఆడనట్టు ఉంటుందని అంజమ్మ చెప్పింది.

దుమ్ము రాకుండా చెయ్యడానికి తలుపులు బిగించడం ఒక్కటే చాలదు. క్యాబిన్ ప్రెషరైజేషన్ అని ఒక పద్ధతి ఉంది. గాలి వచ్చే దారి ఒక్కటే ఉంచి, దానికి మంచి ఫిల్టర్ పెట్టి, బ్లోయర్‌తో లోపలికి కాస్త ఎక్కువ గాలి తోస్తారు. అప్పుడు ఎక్కడైనా సన్నటి సందు మిగిలినా గాలి లోపలి నుంచి బయటికే పోతుంది గానీ దుమ్ము లోపలికి దూరదు. ఆ గాలి దారిని పైకప్పు మీద ముందు వైపు పెట్టాం, ఇంజిన్ పొగ గొట్టానికి దూరంగా. ఏసీ మానేశాం కాబట్టి ఎండ దిగకుండా పైన ఇంకో రేకు కప్పి తెల్ల రంగు వేశాం. సందులు ఉన్నాయో లేదో మామూలుగా అగరుబత్తి పొగతో చూస్తాం. ఇక్కడ పొగ కూడదు. చాచా పచ్చి నూలు పోగు ఒకటి పట్టుకుని తలుపు అంచు వెంట మెల్లగా జరిపాడు. పోగు ప్రతి చోటా బయటి వైపే ఊగింది.

సీటు దగ్గర నా విద్య తలకిందులైంది. సుఖమంటే వెనక్కి వాలడం అని మా వృత్తిలో అందరూ అనుకుంటాం. ఆయాసం ఉన్న మనిషి వెనక్కి వాలదు. ఆ రోజు గుమ్మం దగ్గర అంజమ్మ ఎలా వంగిందో నా కళ్లలో ఉంది. అందుకని ఆమె సీటు ముందు, మోచేతుల ఎత్తులో, మెత్తగా గుడ్డ చుట్టిన అడ్డకడ్డీ పెట్టాను. ఆయాసం వస్తే దాని మీద వాలిపోవచ్చు. కాళ్లు వేలాడకుండా కింద పీట. తలుపు లోపలి వైపు, చేయి చాపక్కర్లేనంత దగ్గరలో, మూతి వెడల్పుగా ఉన్న చిన్న సంచి, పంపు కోసం. చూడకుండా చెయ్యి పెట్టినా దొరకాలి.

పని పూర్తయిన రోజు ఇద్దరూ ఎక్కారు. ఎక్కేటప్పుడు ఆమెకు చెయ్యి అందిస్తే నా భుజం పట్టుకుంది. చెయ్యి గుడ్డముక్కంత బరువుంది. తలుపు వేశారు, ఇంజిన్ స్టార్ట్ చేశారు. గల్లీ అదిరింది. అద్దం వెనక ఆమె పెదాలు కదిలాయి. ఆయన మెడ తిప్పి చూశాడు. మళ్లీ ఆమె ఏదో అంది. ఆయన తలుపు తెరిచి, ఇంజిన్ హోరు మీదుగా నాకు వినిపించేలా కేకేశాడు.

"చెల్లె, ఈమె మాట ఇనొస్తున్నది!"

"ఏమన్నది?"

"నన్ను తిడ్తున్నది!"

అంజమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరూ డ్రిల్లు చప్పుడులోనే బతికారు. సైటు మీద చేతుల సైగలే మాటలు. చాల్‌లో గోడలు పలచన, గట్టిగా మాట్లాడితే వరసంతా వింటుంది, నెమ్మదిగా మాట్లాడితే ఆయనకు వినపడదు. నేను చప్పుడు తగ్గించాననుకున్నాను. వాళ్లకు మాట దొరికింది.

కొన్ని రోజుల తర్వాత దాదర్‌లో తెలుగువాళ్ల సభ ఏదో ఉంటే వెళ్తూ, రోడ్డు తవ్వుతున్నచోట ఆ ట్రాక్టర్‌ను చూశాను. చుట్టూ తెల్లటి దుమ్ము. మధ్యలో అద్దాల గది, అందులో అంజమ్మ, మోచేతులు అడ్డకడ్డీ మీద ఆనించి. డ్రిల్లు పట్టిన మనిషి ఒకతను మూతికి కట్టుకున్న మాస్కు కిందికి లాగాడు. అంజమ్మ చేతి గాజుతో కిటికీ గాజు మీద టకటకమని కొట్టింది. అతను అటు చూసి, పళ్లు బయటపెట్టి, మాస్కు పైకి లాక్కున్నాడు. రాయి పగిలేచోట నీళ్లు చల్లడానికి ఒక మనిషిని కూడా పెట్టించిందట. నన్ను చూసి లోపలికి రమ్మని సైగ చేసింది. లోపలికి దుమ్ము రాకుండా తలుపు కాస్తంత తెరిచి, నేను దూరాక వెంటనే వేసేసింది. చీరకు అంటిన దుమ్ము బయటే ఎందుకు దులుపుకోలేదని కోప్పడింది కూడా.

"ఏం మాట్లాడుకుంటరు వదినా, పొద్దంతా?"

"మాటలేడివి, కొట్లాటలే. ఇంట్ల కొట్లాడితే చాల్ మొత్తం ఇంటది. ఈడ మంచిగ కొట్లాడుతం." తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "ఈయనకు పాటలొచ్చు తెలుసా? నాకే తెల్వదు ఇన్నేండ్లు. కూనిరాగం తీస్తుంటడు. డ్రిల్లు సప్పుడుల ఎవరిన్నరు?"

"ఊకోవే," అన్నాడు నర్సింలు. ఆ మాట కూడా ఆయనకు వినపడింది.

వానలు పడ్డాయి. వానల్లో రోడ్డు తవ్వకాలు ఆపేస్తారు. ట్రాక్టర్ చాల్ పక్కన నిలబడి ఉండేది. ఇంజిన్ ఆడకపోతే బ్లోయర్ ఎక్కువసేపు నడవదు, బ్యాటరీ దిగిపోతుంది. ఇంట్లో తేమ, బయట తేమ. అంజమ్మను నాయర్ ఆసుపత్రిలో చేర్చారని ఎదురింటామె చెప్పింది. నేను వెళ్లే సరికి ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మంచానికి భోజనం పెట్టుకునే బల్ల ఉంటుంది కదా, దాన్ని దగ్గరికి లాక్కుని, మోచేతులు ఆనించి కూర్చుని ఉంది. నన్ను చూసి ఆ బల్లను వేళ్లతో కొట్టి చూపించి, మొహం చిట్లించింది. నువ్వు చేసింది మెత్తగా ఉండేది, ఇది గట్టిగా ఉంది అని. మాట్లాడే ఊపిరి లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మళ్లీ సైగల్లోకి వచ్చేశారు. నేను బల్ల మీద నా చున్నీ మడిచి పెట్టాను. అదే చివరిసారి చూడటం.

దసరా అయిపోయాక ట్రాక్టర్ మళ్లీ మా గల్లీలోకి వచ్చింది. ఈసారి టాక్సీవాళ్లతో నేను పోట్లాడలేదు. నర్సింలు దిగి, దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా జేబు చదునుగా ఉంది.

"ఇంట్ల దమ్ము పోయింది చెల్లె," అన్నాడు.

ఈసారి ఆ మాటకున్న అర్థాలన్నీ నాకు తెలిశాయి. దేంట్లోనూ పొరపాటు పడలేదు.

చాచా చాయ్ తెప్పించాడు. సగం తాగి నర్సింలు అన్నాడు. "తలుపుకున్న రబ్బరు తీసెయ్యాలె. నమ్దా సుత తియ్యి. అంత తియ్యి."

"ఎందుకన్నా? ఏమైంది? కారుతున్నదా?"

"మస్తుగ చేసినవ్. గందుకే." గ్లాసు కింద పెట్టాడు. "తలుపేస్తే సప్పుడు ఉండదు. మునుపు ఆమె దమ్ము ఇనొస్తుండె. గుర్రుగుర్రుమని. దమ్ము ఇనొస్తే మనిషి ఉన్నట్టే కద. ఇప్పుడు నా ఊపిరే నాకు ఇనొస్తున్నది. పొద్దంత గదే. కూసోలేకపోతున్న."

నేను క్యాబిన్ ఎక్కి చూశాను. చూడాలి కాబట్టి చూశాను, పని అదే కదా. ఆమె సీటు కొత్తదానిలా ఉంది. మా వృత్తిలో సీటు గుంట పడకపోవడం గొప్ప. మంచి ఫోమ్ వేశాం, మనిషి లేవగానే పైకొచ్చేస్తుంది అని గొప్పలు చెప్పుకుని అమ్ముతాం. దాని మీద నేను చెయ్యి పెట్టి చూస్తుంటే కింద నుంచి ఆయన అన్నాడు.

"సూసినవా? కూసున్న జాడ లేదు. నేను సుత సూసిన."

పంపు కోసం కుట్టిన సంచిలో ఆమె గాజు ఒకటి ఉంది. నేను దాన్ని తియ్యకుండానే కిందికి దిగాను.

అయితే రబ్బరు తియ్యడం మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ మళ్లీ పోట్లాడాను. "నీకు సప్పుడు గావాలె. దుమ్ము గాదు కద? రబ్బరు తీస్తే దుమ్మొస్తది. ఆమె అద్దం కొట్టి కొట్టి ఊరందరికి మాస్కు పెట్టిచ్చింది, నువ్వు తలుపు తీస్కొని దుమ్ము తింటవా? అడిగితే నేనేం జవాబు చెప్పాలె?"

"ఎవరడుగుతరు?"

"నేను అడుగుత!"

ఆయన మొహంలో నవ్వు లాంటిది ఒకటి కదిలి పోయింది. "నీ నోటికో దండం," అన్నాడు, మొదటి రోజులాగే.

తలుపుల రబ్బరు ఉంచేశాం. ఫిల్టర్ మార్చాం, బ్లోయర్ శుభ్రం చేశాం. గోడలకూ పైకప్పుకూ కుట్టిన నమ్దా పలకలు మాత్రం స్క్రూలు విప్పి ఒక్కొక్కటే దించాం. గోందు లేదు కాబట్టి తేలిగ్గా వచ్చేశాయి. గోందుతో అతికించి ఉంటే చింపాల్సి వచ్చేది. లోపల రేకు బయటపడింది. ఆయన తలుపు వేసుకుని ఇంజిన్ స్టార్ట్ చేశాడు. బోసి రేకు ఆ చప్పుడునంతా పట్టుకుని అదిరింది. అద్దం వెనక నుంచి ఆయన నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. ఇప్పుడు బాగుంది అని సైగ. పక్క సీటు పట్టీ బిగించి ఉందా లేదా అని ఒకసారి చేత్తో తడిమి చూసుకుని, గేరు వేశాడు.

ఇన్నేళ్ల పనిలో చప్పుడు కావాలని వచ్చిన గిరాకీ ఆయన ఒక్కడే. ఆ పని నాకేం నేర్పిందని అడిగితే, చెప్పుకోవడానికి పెద్ద పాఠం లేదు. కొలత తీసుకునేటప్పుడు దమ్ముందా అని అడగడం నేర్చుకున్నాను, ఏ దమ్మో కూడా అడుగుతాను. ఇంకొకటి ఉంది. ఇప్పుడు ఎవరైనా వచ్చి క్యాబిన్‌లో చీమ చిటుక్కుమనకూడదు అంటే, లోపల ఎంతమంది కూర్చుంటారని అడుగుతాను. ఒక్కడినే అంటే నమ్దా ఒక వరస తగ్గించి వేస్తాను. ఎందుకు పలచగా ఉందని ఎవరైనా దెబ్బలాడితే, వాళ్లతో నేనూ దెబ్బలాడతాను. కారణం మాత్రం చెప్పను.